స్టార్ట్, బిగిన్, కమెన్స్: అన్నింటికీ అర్థం 'మొదలు' అయితే ఎక్కడ ఏది వాడాలి?

సంక్షిప్తంగా: 'మొదలుపెట్టు' అని చెప్పడానికి ఇంగ్లిష్‌లో పదికి పైగా క్రియలున్నాయి. పర్యాయపదాల పట్టికలో అన్నీ ఒకే వరసలో ఉంటాయి కానీ వాక్యంలోకి వచ్చేసరికి ఒకదాని చోట ఇంకొకటి ఇమడదు. మొదలయ్యేది యంత్రమా, ప్రయాణమా, చట్టమా, వేడుకా అన్నదాన్ని బట్టీ, మొదలైన తర్వాత పని ఎవరి చేతికి వెళ్తుందన్నదాన్ని బట్టీ మాట మారుతుంది. ఈ తేడా పట్టించుకోకపోతే పరీక్షలో మార్కు పోతుంది, కొన్నిసార్లు డబ్బు కూడా ఇరుక్కుంటుంది.

## గందరగోళం ఎక్కడ వస్తోంది

హైదరాబాద్‌లో ఉండేవారికి ఈ మాటలు రోజూ ఎదురవుతూనే ఉంటాయి. వెనక్కి పంపేసిన చీర డబ్బుల గురించి 'రీఫండ్ ఇనీషియేటెడ్' అని మెసేజ్ వస్తుంది. కొత్త ఉద్యోగం కాగితాల్లో 'డేట్ ఆఫ్ కమెన్స్‌మెంట్' అని ఒక గడి ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 'ప్రీ లాంచ్ ధరలు' అని హోర్డింగ్. రైలు కాచిగూడలో బయలుదేరుతుంటే రైల్వేవాళ్లు దాన్ని 'ఒరిజినేటింగ్ స్టేషన్' అంటారు. ఈ నాలుగింటినీ తెలుగులోకి మార్చమంటే చాలామంది నాలుగు చోట్లా 'ప్రారంభం' అనే రాసేస్తారు, అక్కడితో అసలు సమాచారం కాస్తా ఎగిరిపోతుంది.

దీనికి సగం కారణం మనం నేర్చుకునే పద్ధతే. ఇంగ్లిష్ బోధన కోసమే 1958లో ఒక జాతీయ సంస్థ వెలిసిన ఊరు ఇది, ఇప్పుడదే ఇఫ్లూ, అంటే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. అయినా పోటీ పరీక్షల నోట్సుల్లో మాత్రం ఇప్పటికీ 'స్టార్ట్ అంటే బిగిన్, కమెన్స్, ఇనీషియేట్, లాంచ్' అని ఒక గీత గీసి వదిలేస్తున్నారు. పర్యాయపదాల నిఘంటువు చేసే పని వేరు. ఒక భావం చుట్టూ తిరిగే మాటలన్నింటినీ అది ఒక చోట పోగేస్తుంది, రాసేవాడికి మాట గుర్తుకు రావడానికి పనికొస్తుంది. వాటిలో ఏది ఎక్కడ వాడాలో చెప్పడం దాని పని కాదు. ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన అన్నదమ్ములంతా ఒకే ఉద్యోగం చేయరు కదా, ఇదీ అంతే.

## మూడు దారుల్లో వచ్చిన మాటలు

ఇంగ్లిష్‌లో ఒకే పనికి ఇన్ని మాటలు ఎందుకున్నాయో తెలియాలంటే ఆ భాష చరిత్ర కొంచెం చూడాలి. 'బిగిన్' పాత ఇంగ్లిష్ నాటి సొంత మాట, జర్మన్‌లో దీని చుట్టం 'బెగిన్నెన్' ఇప్పటికీ వాడుకలో ఉంది. సొంత మాట, అందులోనూ పాతది కాబట్టే దాని రూపాలు బిగిన్, బిగాన్, బిగన్ అని లోపలి అచ్చు మార్చుకుంటూ పోతాయి. 'ఐ హావ్ బిగాన్' అని రాసి తప్పు చేసేవాళ్లు చాలామంది, అక్కడ 'బిగన్' రావాలి.

1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలుచుకున్న తర్వాత రాజసభలోనూ న్యాయస్థానాల్లోనూ ఫ్రెంచ్ చెల్లుబాటయింది. ఆ ఫ్రెంచ్ నుంచి వచ్చిందే 'కమెన్స్'. దాని వెనక లాటిన్ మాట 'ఇనీషియం' ఉంది, లోపలికి అడుగుపెట్టడం అనే అర్థం నుంచి 'ఆరంభం' అయింది. ఆ తర్వాత పండితులు అదే లాటిన్ మాట దగ్గరికి నేరుగా వెళ్లి 'ఇనీషియేట్' తెచ్చుకున్నారు. అంటే కమెన్స్, ఇనీషియేట్ రెండూ ఒకే వేరు నుంచి వచ్చాయి, వచ్చిన దారులు వేరు కాబట్టి పనులు వేరయ్యాయి.

తెలుగువారికి ఇది కొత్తేమీ కాదు. మనకు 'మొదలు' సొంత మాట, చెట్టు మొదలు అన్నప్పుడు వినిపించేదీ అదే. 'ప్రారంభం', 'ఆరంభం' సంస్కృతం నుంచి వచ్చాయి. 'షురూ' అరబీ మాట, ఉర్దూ మీదుగా మనలోకి వచ్చింది. నిజాం కాలంలో ఉర్దూ రాజభాష కాబట్టి తెలంగాణలో అది బాగా పాతుకుపోయింది, పేపర్లు కూడా 'పనులు షురూ' అని హెడ్డింగ్ పెడతాయి. ఇంట్లో 'పిల్లాడు ఏడుపు ప్రారంభించాడు' అని ఎవరూ అనరు, 'ఏడుపు మొదలుపెట్టాడు' అంటారు, లేదా 'షురూ చేసిండు' అంటారు. ప్రభుత్వ ఉత్తర్వులో మాత్రం 'ప్రారంభించవలెను' అనే ఉంటుంది. బిగిన్‌కూ కమెన్స్‌కూ మధ్య ఉన్న దూరం దాదాపు ఇంతే. స్నేహితుడికి పంపే మెసేజ్‌లో 'లెట్స్ కమెన్స్ డిన్నర్' అని రాస్తే, 'భోజన ప్రారంభోత్సవం గావిద్దాం' అన్నట్టుగా ఉంటుంది.

## స్టార్ట్‌లో ఉన్న కుదుపు

స్టార్ట్ కూడా జర్మానిక్ మూలం ఉన్న పాత మాటే, కానీ అది 'మొదలు' అనే అర్థంతో పుట్టలేదు. దాని పాత అర్థం ఎగిరి దూకడం, ఒక్క కుదుపుతో కదలడం. 'స్టార్టిల్' అనే మాట దీని తోబుట్టువే. పాత కథలు చదివేటప్పుడు 'హీ స్టార్టెడ్ ఎట్ ద నాయిస్' అని కనిపిస్తే, ఆ చప్పుడుకు ఉలిక్కిపడ్డాడని అర్థం. కాంప్రహెన్షన్ ప్రశ్నల్లో ఇలాంటి వాక్యం ఇస్తే 'ఏం మొదలుపెట్టాడు?' అని వెతుకుతూ కూర్చునేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు.

ఉలిక్కిపడడం నుంచి చటుక్కున కదలడం, అక్కడి నుంచి ప్రయాణానికి బయలుదేరడం, ఆ తర్వాత యంత్రాన్ని కదిలించడం, చివరికి ఏ పనినైనా మొదలుపెట్టడం. అర్థం ఇలా మెట్లు దిగుతూ వచ్చింది, కానీ ప్రతి మెట్టు మీదా ఆ 'కదలిక' మిగిలే ఉంది. అందుకే బండిని స్టార్ట్ చేస్తాం, బిగిన్ చేయలేం. ఆగి ఉన్నదాన్ని కదిలించడం స్టార్ట్ పని. బిగిన్‌కు వ్యవధి ఉన్న పని కావాలి, ఒక కథో క్లాసో చదువో కావాలి, దానికి ఒక తొలి భాగం ఉండాలి. ఇంజిన్‌కు తొలి భాగం ఏముంటుంది?

కారణమై నిలవడం కూడా స్టార్ట్‌కే వచ్చు. ఎవరో నిప్పు పెట్టారు, ఎవరో పుకారు లేపారు, ఎవరో గొడవ పెట్టారు అనే మూడు చోట్లా ఇంగ్లిష్‌లో స్టార్టే సహజంగా పలుకుతుంది. తెలుగులో ఈ మూడింటిలో ఎక్కడా 'ప్రారంభించారు' అనం, గమనించండి. నిప్పు రాజేస్తాం, పుకారు లేపుతాం, గొడవ పెడతాం. మన భాషలో ప్రతి నామవాచకానికీ దాని సొంత క్రియ ఉన్నట్టే ఇంగ్లిష్‌లోనూ ఉంది, కాకపోతే అక్కడ స్టార్ట్ చాలా ఇళ్లకు తిరుగుతుంది.

ఇక బయలుదేరడం సంగతి. 'స్టార్టయ్యావా?' 'ఆ, స్టార్టయ్యా, కూకట్‌పల్లి దాటా' అని హైదరాబాద్‌లో రోజూ వినిపిస్తుంది. ఇది మనవాళ్లు కనిపెట్టిన తప్పు అని కొందరు కొట్టిపారేస్తారు, అది సరికాదు. 'ప్రయాణం కట్టు' అనే అర్థంలో స్టార్ట్‌ను ఇంగ్లిష్‌వాళ్లే వాడారు, ఆ వాడుక ఇక్కడికొచ్చి ఇక్కడే స్థిరపడింది. టెలిగ్రాముల కాలంలో 'ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ' అన్న ముక్క ఊళ్లలో ఇంగ్లిష్ రానివాళ్లకు కూడా తెలుసు, ఆ తంతి సేవ 2013 జూలైలో ఆగిపోయింది, మాట మాత్రం ఆగలేదు. అయితే లండన్‌లోనో న్యూయార్క్‌లోనో ఉన్న సహోద్యోగితో 'హావ్ యూ స్టార్టెడ్?' అంటే అతను 'ఏ పని?' అని అడిగే అవకాశం ఎక్కువ. అక్కడ ఇప్పుడు 'లెఫ్ట్' అనో 'సెట్ ఆఫ్' అనో అంటారు. పెద్ద లక్ష్యంతో, దూర ప్రయాణానికి బయలుదేరితే 'సెట్ అవుట్'. 'ఎంబార్క్' అంటే మొదట్లో ఓడ ఎక్కడం. హజ్ యాత్రికులు బయలుదేరే కేంద్రాల్లో హైదరాబాద్ ఒకటి, దాన్ని 'ఎంబార్కేషన్ పాయింట్' అనడంలో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది.

## కమెన్స్: చట్టానికి ఒక తేదీ కావాలి

కమెన్స్‌ను కేవలం బిగిన్‌కు గంభీరమైన రూపం అనుకుంటే సగమే అర్థమైనట్టు. న్యాయ భాషలో దానికి నిక్కచ్చి పని ఉంది: ఏ క్షణం నుంచి హక్కులు, బాధ్యతలు లెక్కలోకి వస్తాయో చెప్పడం.

మన రాజ్యాంగం కంటే మంచి ఉదాహరణ దొరకదు. దాన్ని 1949 నవంబర్ 26న ఆమోదించారు. పౌరసత్వం, ఎన్నికలకు సంబంధించినవి సహా కొన్ని అధికరణలు ఆ రోజే అమల్లోకి వచ్చాయి. మిగతావన్నీ 1950 జనవరి 26న వచ్చాయి, ఆ రోజునే రాజ్యాంగపు 'కమెన్స్‌మెంట్' అంటారని 394వ అధికరణ స్పష్టంగా చెబుతుంది. ఇదేదో అలంకారం కోసం రాసింది కాదు. ఎవరు ఈ దేశ పౌరులు అని చెప్పే 5వ అధికరణ 'ఈ రాజ్యాంగం కమెన్స్‌మెంట్ నాటికి' అనే మొదలవుతుంది. ఆ తేదీ లేకపోతే ఆ వాక్యానికి కొలబద్దే లేదు.

నేరాలకు శిక్షలు చెప్పే చట్టంగా ఈమధ్య వచ్చిన భారతీయ న్యాయ సంహిత విషయంలోనూ ఇదే కనిపించింది. రాష్ట్రపతి ఆమోదం 2023 డిసెంబర్ 25న వచ్చింది, అమలు 2024 జూలై 1 నుంచి. ఈ రెండు తేదీల మధ్య ఆరు నెలల్లో చట్టం ఉన్నట్టే, కానీ పనిలోకి రానట్టే. పైగా డ్రైవర్ల ఆందోళన తర్వాత ఢీకొట్టి పారిపోయే డ్రైవర్ల శిక్ష గురించి చెప్పే 106వ సెక్షన్‌లోని రెండో ఉపవిభాగాన్ని ఆ నోటిఫికేషన్‌లో పక్కన పెట్టారు. అంటే కమెన్స్‌మెంట్ ముక్కలు ముక్కలుగా కూడా జరగొచ్చు. 'కొత్త చట్టం వచ్చేసింది' అని వార్త చదివినప్పుడు, వచ్చిందా, అమల్లోకి వచ్చిందా అని అడగాల్సింది ఇందుకే.

వ్యాపారంలోనూ అంతే. మన దగ్గర స్టార్టప్‌లకు తోడ్పడే టీ హబ్ కేంద్రం 2015 నవంబర్‌లో ట్రిపుల్ ఐటీ ఆవరణలో తెరుచుకున్నప్పటి నుంచి 'కంపెనీ స్టార్ట్ చేశా' అనే మాట ఇంటింటా వినిపిస్తోంది. మాటవరసకు ఆలోచన పుట్టిన రోజు నుంచే స్టార్ట్ చేసినట్టు లెక్క. చట్టం అలా లెక్కపెట్టదు. కంపెనీల చట్టం 2013లోని 10ఏ సెక్షన్ ప్రకారం, షేర్ క్యాపిటల్ ఉన్న కొత్త కంపెనీ, రిజిస్ట్రేషన్ అయిన 180 రోజుల్లోగా, షేర్ల డబ్బు అందిందని డిక్లరేషన్ ఇవ్వాలి, అది ఇవ్వకుండా వ్యాపారం 'కమెన్స్' చేయకూడదు, అప్పు కూడా తీసుకోకూడదు. స్టార్టప్ అయిపోయి, కమెన్స్ కాకుండా ఉండే పరిస్థితి నిజంగానే ఉందన్నమాట.

## ఇనాగరేట్, లాంచ్: రిబ్బన్ కత్తిరించిన రోజు, పని జరిగిన రోజు

హైదరాబాద్ మెట్రోను 2017 నవంబర్ 28న మియాపూర్‌లో ప్రధాని ప్రారంభించారు. జనం టికెట్ కొని ఎక్కింది మర్నాడు, 29న. శంషాబాద్ విమానాశ్రయానికి ప్రారంభోత్సవం 2008 మార్చి 14న జరిగింది, విమానాలు అక్కడి నుంచి ఎగరడం 23న మొదలైంది. తెలుగు వార్తలో రెండు తేదీలకూ 'ప్రారంభం' అనే పడుతుంది, అందుకే తర్వాత జీకే పుస్తకాల్లో ఒక దాంట్లో ఒక తేదీ, ఇంకో దాంట్లో ఇంకో తేదీ కనిపించి అభ్యర్థులు టెన్షన్ పడతారు. ఇంగ్లిష్‌లో మొదటి తేదీకి ఇనాగరేట్, రెండోదానికి కమెన్స్ లేదా బిగిన్ అంటే గొడవే లేదు.

ఇనాగరేట్ వెనక ఉన్నది రోమన్ల శకునం. పక్షులు ఎటు ఎగిరాయో చూసి శుభమా కాదా అని చెప్పే పూజారులను 'ఆగర్' అనేవారు, ఆ శకునం చూసి పని తలపెట్టడమే ఇనాగరేట్. ముహూర్తం చూసి రిబ్బన్ కత్తిరించే మన అలవాటుకు ఇది బాగా దగ్గర. అయితే శంకుస్థాపనను ఇనాగరేట్ అనకూడదు, అక్కడ పునాది రాయి వేసినట్టు చెప్పాలి. ఈ ఒక్క చోట తెలుగే ఎక్కువ స్పష్టంగా ఉంది: భూమిపూజ, శంకుస్థాపన, ప్రారంభోత్సవం, ఆవిష్కరణ వేటికవే. ఆవిష్కరణను ఇంగ్లిష్‌లోకి తెచ్చేటప్పుడు మాత్రం చూసుకోవాలి, విగ్రహమైతే 'అన్‌వీల్', పుస్తకమైతే 'రిలీజ్' లేదా 'లాంచ్'.

లాంచ్ అంటే మొదట ఈటెను విసరడం. విసిరేదాకా చేతిలో ఉంటుంది, విసిరాక వెనక్కి రాదు. ఓడను నీళ్లలోకి వదలడం, రాకెట్‌ను పైకి పంపడం, సరుకును బజారులోకి దించడం అన్నీ ఆ ఊహలోంచి వచ్చినవే. హైదరాబాద్‌కు చెందిన స్కైరూట్ సంస్థ 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి విక్రమ్ ఎస్ రాకెట్‌ను పంపింది, దేశంలో ఒక ప్రైవేటు సంస్థ తయారుచేసిన రాకెట్ ఎగరడం అదే మొదటిసారి. ఆ మిషన్‌కు పెట్టిన పేరు 'ప్రారంభ్'. పేరు బిగినింగ్ అయినా చేసిన పని లాంచ్, ఆ రోజు రాకెట్‌ను బిగిన్ చేశారని ఏ పేపరూ రాయలేదు.

ఈ మాట వల్ల జేబుకు చిల్లుపడేది స్థిరాస్తిలో. 'ప్రాజెక్ట్ లాంచ్ అయింది' అంటే అమ్మకం మొదలైందనే, కట్టడం మొదలైందని కాదు. 'ప్రీ లాంచ్' అంటే అమ్మకానికి అధికారికంగా పెట్టకముందే డబ్బు తీసుకోవడం. స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే రెరా చట్టం 2016లోని 3వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ అవసరమైన ప్రాజెక్టును రిజిస్టర్ చేయకుండా ప్రకటించడమూ, బుక్ చేయించుకోవడమూ, అమ్మడమూ కుదరదు. అదే చట్టం 'కమెన్స్‌మెంట్ సర్టిఫికెట్' అని వేరే కాగితాన్ని నిర్వచించింది, స్థలంలో పని చేపట్టడానికి సంబంధిత అధికారులు ఇచ్చే అనుమతి అది. కొనేవారు అడగాల్సింది రెరా నంబరు, ఈ అనుమతి. బ్రోచర్‌లో లాంచ్ తేదీ ఎంత పెద్ద అక్షరాల్లో ఉన్నా దానికి ఈ విలువ లేదు.

## ఇనీషియేట్ అయింది, డబ్బు ఎందుకు రాలేదు

ఇనీషియేట్ చేసేవారు మొదటి అడుగు వేస్తారు, మిగతా నడక చాలాసార్లు వేరేవాళ్లది. 'రీఫండ్ ఇనీషియేటెడ్' అంటే అమ్మినవాళ్లు తమ వైపు నుంచి బటన్ నొక్కారు, ఇక బ్యాంకులు కదలాలి అని అర్థం. 'కంప్లీటెడ్' అనే మాట వచ్చేదాకా డబ్బు చేరినట్టు కాదు. ఆఫీసులో 'డిసిప్లినరీ యాక్షన్ ఇనీషియేట్ చేశాం' అన్నా అంతే, శిక్ష పడలేదు, ఫైలు తెరుచుకుంది.

## తుమ్మబోయాడా, తుమ్మాడా

మాటల ఎంపిక సరే, తర్వాత వచ్చే క్రియ రూపం కూడా అర్థాన్ని మారుస్తుంది, నోట్సుల్లో దీని ఊసే ఉండదు. 'హీ స్టార్టెడ్ టు స్నీజ్' అంటే ముక్కు ఎగబీల్చాడు, తుమ్ము రావచ్చు, రాకపోవచ్చు. 'హీ స్టార్టెడ్ స్నీజింగ్' అంటే కనీసం ఒక తుమ్ము వచ్చేసింది. అందుకే మొదటిదాని తర్వాత 'కానీ ఆపుకున్నాడు' అని చేర్చవచ్చు, రెండోదాని తర్వాత చేరిస్తే వింతగా ఉంటుంది. తెలుగులో 'తుమ్మబోయాడు', 'తుమ్మడం మొదలుపెట్టాడు' అనే రెండు రూపాలతో ఈ తేడాను ఇంకా తేటగా చూపిస్తాం. వర్షం లాంటి వాటిలో మాత్రం ఏ రూపం వాడినా పెద్ద తేడా లేదు.

మనసులో జరిగే పనులకు, అంటే అర్థం కావడం, తెలియడం లాంటి వాటికి 'టు' రూపమే నప్పుతుంది: 'ఐ బిగాన్ టు అండర్‌స్టాండ్'. అలాగే 'బిగినింగ్' తర్వాత మళ్లీ 'లెర్నింగ్' అని ఇంగ్ మీద ఇంగ్ వేయరు, 'బిగినింగ్ టు లెర్న్' అంటారు.

తెలుగు నుంచి వచ్చే ఇబ్బంది ఇంకోటి ఉంది. మనకు 'మొదలుపెట్టు' వేరు, 'మొదలవు' వేరు. క్లాసు మొదలైంది, సారు క్లాసు మొదలుపెట్టారు. ఇంగ్లిష్‌లో స్టార్ట్, బిగిన్ రెండు పనులూ ఒకే రూపంతో చేసేస్తాయి కాబట్టి మనవాళ్లకు ఏదో లోటుగా అనిపించి 'ద క్లాస్ వాజ్ స్టార్టెడ్ ఎట్ టెన్' అని రాస్తారు. 'స్టార్టెడ్ ఎట్ టెన్' చాలు. 'సినిమా స్టార్టింగ్ మిస్సయ్యాం' అనడం తెలుగు మాటల్లో చక్కగా సాగిపోతుంది, ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ఆ చోట 'బిగినింగ్' లేదా 'స్టార్ట్' రావాలి.

## ఎదురుమాట పెట్టి చూడటం

ఏది వాడాలో తేలనప్పుడు పనికొచ్చే పరీక్ష ఒకటుంది: ఆ పని ముగిసేటప్పుడు ఏ మాట వాడతామో చూడాలి. బండి ఆగుతుంది, అంటే 'స్టాప్', కాబట్టి మొదట్లో స్టార్ట్. కథ ముగుస్తుంది, అంటే 'ఎండ్', కాబట్టి బిగిన్. దుకాణం మూస్తారు, 'క్లోజ్', కాబట్టి ఓపెన్. విచారణ 'కన్‌క్లూడ్' అవుతుంది, కాబట్టి కమెన్స్. ప్రక్రియ 'కంప్లీట్' అవుతుంది, ఇనీషియేట్. రైలు చివరి స్టేషన్‌లో 'టర్మినేట్' అవుతుంది, అందుకే కాచిగూడలో ఒరిజినేట్ అయింది. ఇనాగరేట్‌కు మాత్రం ఎదురుమాట దొరకదు, ఎందుకంటే వేడుక జరిగిన రోజే దాని పని అయిపోతుంది. ఈ పరీక్ష నూటికి నూరు పాళ్లు పనిచేయదు, మ్యాచ్‌కు స్టార్ట్, బిగిన్ రెండూ వాడతారు, ముగింపుకు ఎండ్ అంటారు. కానీ నాలుగు ఆప్షన్లు ముందు పెట్టి ఖాళీ పూరించమన్నప్పుడు, పర్యాయపదాల పట్టిక బట్టీ పట్టినదానికంటే ఇది త్వరగా జవాబు దగ్గరికి తీసుకెళ్తుంది.